కూలిన మహలు, పేరు లేని ఇళ్లు

2020 మే నెలలో, జనం కరోనా భయంతో ఇళ్లలో ఉండిపోయిన రోజుల్లో, విజయనగరం మూడు లాంతర్ల కూడలిలో ఉన్న పాత స్తంభాన్ని తీసేశారు. కూడలిని అందంగా తీర్చిదిద్దే పనిలో భాగమన్నారు. ఒకప్పుడు చీకటి పడ్డాక ఊళ్లోకి వచ్చే బాటసారులకి దారి చూపించడానికి మూడు లాంతర్లు వెలిగిన చోటు అది. ఆ దీపాల అవసరం తీరిపోయి ఎన్నాళ్లయినా రిక్షా తొక్కే మనిషికీ, ఆటో నడిపే కుర్రాడికీ, కూరలమ్మే అప్పకీ గుర్తు అదే. అందుకే ఊరికి కోపం వచ్చింది. ఆ కోపం ఎంతోసేపు ఊరి చేతిలో లేదు, పార్టీల చేతిలోకి వెళ్లిపోయింది. పూర్వీకుల వారసత్వాన్ని మీరు కూల్చారంటే మీరు కూల్చారని రెండు వైపులా వాదించుకున్నారు. ఆ వాదంలోనే మోతీమహల్ పేరు మళ్లీ పైకి వచ్చింది. కోటలో ఉండే ఆ దర్బారు భవనం అప్పటికే లేదు.

ఆ వాదోపవాదాలు చదువుతున్నంతసేపూ నన్ను ఒక ప్రశ్న వేధించింది. మోతీమహల్ కట్టించిన రాజు ఎవరో అందరూ చెప్పారు. ఎవరి హయాంలో ఏం కూలిందో చెప్పారు. కానీ ఆ భవనం తన ఆఖరి దశాబ్దాల్లో ఎవరికి ఉపయోగపడింది? ఆ వరండాల్లో రోజూ ఎవరు తిరిగారు? ఆ మాట ఎవరూ ఎత్తలేదు. జవాబు ఊళ్లో అందరికీ తెలిసిందే. అది ఆడపిల్లల కాలేజీ.

విజయనగరం కోట 1713 నాటిది. మోతీమహల్ అందులో చాలా తర్వాత వచ్చింది. మూడవ విజయరామ గజపతి 1869లో దాన్ని దర్బారు కోసం కట్టించారు. మోతీ అంటే ముత్యం. గుమ్మం దగ్గర రెండు పాలరాతి బొమ్మలు ఉండేవి. జమీందారీల రద్దు చట్టం 1948లో వచ్చాక సంస్థానం పోయింది, దర్బారుతో పనీ పోయింది. సోషలిస్టు రాజకీయాల్లోకి వచ్చిన పి.వి.జి. రాజు 1958లో తన తండ్రి అలక నారాయణ గజపతి పేరున మాన్సాస్ ట్రస్టు పెట్టారు. 1975లో మోతీమహల్‌ని ఉన్నత విద్య కోసం ఆ ట్రస్టుకి ఇచ్చేశారు. మేడ మీద గజపతుల వస్తువులతో మ్యూజియం ఏర్పడింది. మిగిలిన భవనం మహిళా కళాశాలకి వాడుకలోకి వచ్చింది.

ఈ చివరి వాక్యాన్ని మన స్థానిక చరిత్రలు ఒక్క ముక్కలో చెప్పి ముందుకి వెళ్లిపోతాయి. నిజానికి ఆగాల్సింది అక్కడే. దర్బారు హాలు మగవాళ్ల చోటు. రాజు, దివాను, దొరలు, పండితులు, పహిల్వాన్లు, అందరూ మగవాళ్లే. ఆడవాళ్లు అక్కడికి వస్తే నాట్యానికి రావాలి, ఊడవడానికి రావాలి. రాణివాసం స్త్రీలది ఘోషా. అలాంటి హాలులోకి వంద ఏళ్లు తిరిగేసరికి నెల్లిమర్ల నుంచీ, గజపతినగరం నుంచీ, చీపురుపల్లి నుంచీ పొద్దున్నే బస్సెక్కి వచ్చిన రైతుల, మిల్లు కార్మికుల, గుమాస్తాల కూతుళ్లు నడిచి వెళ్లారు. మా తరంలో ఊళ్లల్లో చాలామంది తండ్రులు "ఆడగుంటకి కాలేజీ ఏటి?" అనేవారు. అదే తండ్రులు "కోటలో కాలేజీ అయితే ఫరవాలేదు, చుట్టూ గోడ ఉంది" అని ఒప్పుకునేవారు. శత్రువుల నుంచి రాజుని కాపాడ్డానికి లేపిన గోడలు ఆడపిల్లకి చదువుకునే అనుమతి పత్రంగా పనికొచ్చాయి. దీన్ని విముక్తి అని నేను అనను. ఆ గోడ లేకపోతే చదువు లేదన్నది అవమానమే. కానీ ఆ అవమానాన్ని దాటే వేలమంది లోపలికి వెళ్లారు, వేలమంది బయటికి వచ్చి టీచర్లు, నర్సులు, గుమాస్తాలు అయ్యారు. 2011 జనాభా లెక్కల నాటికి కూడా ఈ జిల్లాలో స్త్రీల అక్షరాస్యత 50 శాతానికి లోపే ఉంది. అలాంటి జిల్లాలో డిగ్రీ చదివిన అమ్మాయి ఒక ఇంటి చరిత్రనే మార్చేస్తుంది. మోతీమహల్ ముత్యాలు ఏవైనా ఉంటే అవి ఇవే. మ్యూజియం అద్దాల పెట్టెల్లో ఉన్నవి కావు.

మోతీమహల్ కట్టిన కాలాన్నే ఇంకో వైపు నుంచి చూద్దాం. 1860ల చివర్లో విజయనగరం మహారాజా ఇచ్చిన డబ్బుతో మద్రాసులో హిందూ బాలికల పాఠశాలలు నడిచాయి. దానాల చరిత్రలో ఇది గొప్పగా చెప్పుకునే విషయం. అదే సంస్థానం చుట్టుపక్కల అగ్రహారాల్లో ఏం జరుగుతోందో తెలియజేసే పట్టిక మరొకటి ఉంది. ఆనంద గజపతి కోసం విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్కం పెళ్లిళ్ల జాబితా తయారయింది. గురజాడ అప్పారావు 1897లో అచ్చయిన కన్యాశుల్కం నాటకం ఇంగ్లీషు ముందుమాటలో ఆ లెక్కలు ఇచ్చారు. మొత్తం 1,034 పెళ్లిళ్లు. అయిదేళ్ల పిల్లలు 99 మంది. నాలుగేళ్ల వాళ్లు 44 మంది. మూడేళ్ల వాళ్లు 36 మంది. రెండేళ్ల వాళ్లు ఆరుగురు. ఏడాది వయసు పసికందులు ముగ్గురు, ఒక్కొక్కరి వెల 350 నుంచి 400 రూపాయలు. ఈ ఆచారాన్ని అరికట్టడానికి ఆనంద గజపతి మద్రాసు శాసనమండలిలో బిల్లు పెట్టినా అది చట్టం కాలేదు.

ఆ ముందుమాటని నేను చాలాసార్లు చదివాను. ప్రతిసారీ ఒకటే అనిపిస్తుంది. ఆ 1,034 మందిలో ఒక్క పిల్ల పేరైనా మనకి అందలేదు. వయసూ, వెలా మాత్రమే మిగిలాయి. సంస్థానం కాగితాల్లో మామూలు ఇంటి ఆడపిల్ల మొదటిసారి కనపడింది ఆ పట్టికలోనే, అదీ అంకెగా. నూరేళ్లలోపే అదే సంస్థానం దర్బారులో ఆడపిల్లల హాజరు పట్టీలు తెరుచుకున్నాయి. వాటిలో ఇంటిపేరూ, పేరూ రెండూ ఉంటాయి. రోజూ ఉదయం ఆ పేరు పిలుస్తారు, ఆ అమ్మాయి లేచి నిలబడి జవాబు చెప్తుంది. మొదటి పట్టికకీ రెండో పట్టికకీ మధ్య నడిచిన దూరమే ఈ ఊరి ఆడవాళ్ల చరిత్ర. భవనం కూలిందని విన్నప్పుడు నాకు పాలరాతి బొమ్మలు ఏమయ్యాయన్న దిగులు కలగలేదు. ఆ హాజరు పట్టీలు ఏమయ్యాయన్న దిగులే కలిగింది.

కోటలో ఉన్న స్త్రీలు కూడా చరిత్రలో పక్కవాటుగానే మిగిలారు. ఆనంద గజపతి సోదరి అప్పలకొండమాంబని రీవా మహారాణి అంటారు. మధ్య భారతంలోని రీవా సంస్థానంలో మెట్టి, భర్త పోయాక పుట్టింటికి చేరిన మనిషి ఆమె. 1897లో ఆనంద గజపతి సంతానం లేకుండా చనిపోయాక దత్తత మీద కోర్టు వ్యవహారాలు ఏళ్ల తరబడి నడిచాయి. గురజాడ ఆ కాలంలో ఆమె దగ్గర కార్యదర్శిగా పనిచేశారు. గురజాడ జీవిత చరిత్ర చదివేవాళ్లకి ఈమె ఆయనకి ఉద్యోగం ఇచ్చిన యజమానురాలిగా మాత్రమే తెలుసు. ఆధునిక తెలుగు సాహిత్యం రూపు దిద్దుకుంటున్న ఏళ్లలో ఆ రచయిత జీతం ఒక వితంతువు ఖజానా నుంచి వచ్చిందన్న సంగతి మనకి పెద్దగా తోచదు. గురజాడ ఇల్లు స్మారకంగా నిలిచింది. నిలవాల్సిందే. ఆయన ఇంట్లో ఆయన బల్లా కుర్చీ ముందు నిలబడి ఫొటో తీయించుకుంటాం. మరి ఆ రాణి ఏ గదిలో కూర్చుని కాగితాలు చూసింది, ఏ తెర వెనక నుంచి వకీళ్లతో మాట్లాడింది? అది తెలుసుకోవాలన్న కుతూహలం కూడా ఎవరికీ కలిగినట్టు లేదు.

ఘోషా అన్న మాట ఈ ఊళ్లో ఇంకో రకంగా బతికింది. విజయనగరంలో ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిని తరతరాలుగా ఘోషాసుపత్రి అనే పిలిచారు. పరపురుషుడి కంట పడకూడని స్త్రీల కోసం వాడిన మాట. చివరికి ఆ ఆసుపత్రికి వచ్చిందెవరు? పరదా ఎన్నడూ ఎరగని వాళ్లు. పొలం పని చేసి, గనుల్లో మట్టి మోసి, జనపనార మిల్లులో నిలబడి నడుములు పడిపోయినవాళ్లు. నెలలు నిండిన పొట్టతో ఆర్టీసీ బస్సు దిగి "ఘోషాకి" అని రిక్షా మాట్లాడుకున్నవాళ్లు. రాణుల మాట కూలి ఆడవాళ్ల నోట్లో అర్థం మార్చుకుంది. కట్టడానికి పెట్టిన పేరు ఒకరిదైతే, దాన్ని వాడి వాడి సొంతం చేసుకున్నది ఇంకొకరు. పాత కట్టడాల గురించి మాట్లాడేటప్పుడు ఈ రెండో యాజమాన్యాన్ని లెక్కలోకి తీసుకోవడం మనం నేర్చుకోవాలి.

కోట బయటికి వస్తే బొంకులదిబ్బ. తెలుగు చదువుకున్న ప్రతివాళ్లకీ ఆ పేరు కన్యాశుల్కం మొదటి రంగం వల్ల తెలుసు, గిరీశం వల్ల తెలుసు. గిరీశాన్ని కాసేపు పక్కన పెట్టి ఆ మొదటి అంకంలో ఊరిని చూడండి. అతను పారిపోతున్నది ఎవరి నుంచి? పూటకూళ్లమ్మ నుంచి. దాక్కున్నది ఎవరి ఇంట్లో? మధురవాణి ఇంట్లో. ఒకామె వితంతువు. నలుగురికీ వండిపెట్టి ఆ డబ్బుతో బతుకుతోంది. ఇంకొకామె వేశ్య. తన ఇంటికి తనే యజమాని, ఎవరు రావాలో ఎవరు పోవాలో తనే చెప్తుంది. విజయనగరం నడిబొడ్డున ఆడవాళ్లు సొంతంగా నడిపిన రెండు ఇళ్లు అవి. అగ్రహారంలో మాత్రం ఆడవాళ్లకి సొంత గుమ్మం లేదు. పుట్టింటి గుమ్మం, అత్తింటి గుమ్మం, కాదంటే వంటింటి చీకటి. గురజాడకి తెలిసో తెలియకో ఈ పట్నం పటం గీశారు. పట్నంలో ఆడది ఒంటరిగా బతకడానికి ఉన్న రెండే దారుల్నీ ఆ పటం మీద గుర్తు పెట్టారు.

ఆ రెండు రకాల ఇళ్లూ ఇప్పుడు లేవు. పూటకూటి ఇళ్లు మెల్లగా పోయాయి. కాఫీ హోటళ్లు వచ్చాయి, మెస్సులు వచ్చాయి, గల్లాపెట్టె దగ్గర మగవాడు కూర్చున్నాడు, ఆడమనిషి వెనక గదిలో పిండి రుబ్బింది. వంట అదే, చేతులు అవే, యాజమాన్యం మారింది. కళావంతుల ఇళ్లు పోయిన తీరు వేరు. 1892, 93 నాటికి మద్రాసు రాష్ట్రంలో భోగం మేళాలకి వ్యతిరేకంగా ఉద్యమం ఊపందుకుంది. 1947లో మద్రాసు ప్రభుత్వం ఆడపిల్లల్ని దేవదాసీలుగా సమర్పించడాన్ని నిషేధించింది. 1956లో ఆంధ్రలో చేసిన సవరణ పెళ్లిళ్లలో మేళాలని కూడా ఆపేసింది. చిన్నపిల్లల్ని గజ్జె కట్టించి ముసలి జమీందార్లకి అప్పగించే ఆచారం పోవాలి. దాని మీద నాకు రెండో అభిప్రాయం లేదు. కానీ చట్టం ఆచారంతో పాటు ఆ స్త్రీల జీవనోపాధినీ ఆపేసింది. వాళ్ల పాటా, అభినయమూ వేరే వేదికల మీదికీ, వేరే కులాల ఆడపిల్లల దగ్గరికీ వెళ్లాయి. మాన్యాలు పోయాక ఇళ్లు అమ్ముకున్నారు. కోస్తా పట్టణాల్లో చాలాచోట్ల ఆ వీధుల పేర్లు మార్చేశారు. పిల్లల పెళ్లిళ్లు కావాలంటే ఆ పేరు పోవాలి మరి. ఇంటిని కూల్చడం కంటే ముందే ఇంటి జ్ఞాపకాన్ని కూల్చుకోవలసి వచ్చిన స్త్రీలు వాళ్లు. విజయనగరం సంగీత సాహిత్యాల ఊరని గర్వంగా చెప్పుకుంటాం. ఆదిభట్ల నారాయణదాసు పేరు చెప్తాం, ద్వారం వెంకటస్వామి నాయుడు పేరు చెప్తాం, 1919లో మొదలైన సంగీత కళాశాల పేరు చెప్తాం. ఆ కళాశాల రాకముందు ఊరి సంగీతంలో సగం ఎవరి ఇళ్లల్లో సాధన చేయబడిందో చెప్పే గుర్తు ఒక్కటీ లేదు.

ఇక మామూలు ఇళ్ల సంగతి. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడింది. ఊరు జిల్లా కేంద్రమయింది. కచేరీలు పెరిగాయి, ఉద్యోగులు పెరిగారు, బళ్లు పెరిగాయి. 1885లో కట్టిన గంటస్తంభం నిలిచే ఉంది. దాని చుట్టూ సందుల్లో చీడీలున్న పెంకుటిళ్లు ఒక్కొక్కటే మాయమయ్యాయి. మా వైపు ఇంటి ముందు ఎత్తుగా కట్టిన అరుగుని చీడీ అంటాం. సాయంత్రం పూట ఆడవాళ్లు వీధిలోకి రాకుండానే వీధిని చూడగలిగే చోటు అదొక్కటే. బియ్యంలో రాళ్లు ఏరుతూ, జడలు వేసుకుంటూ, ఎవరింటికి ఎవరొచ్చారో చూస్తూ గడిపేవారు. రోడ్డు వెడల్పు చేసిన ప్రతిసారీ ముందు పోయేది చీడీయే. కొలతలు తీసే మనిషి లెక్కలో అది ఆక్రమణ. ఆ తర్వాత వచ్చిన భవనాల్లో కింద షట్టర్లు, పైన ఇనప గ్రిల్లులు. గ్రిల్లు వెనక నుంచి చూసే ఆడమనిషికి వీధి కనిపిస్తుంది కానీ, వీధితో మాట పోయింది.

మా అమ్మ పుట్టిల్లు అలాగే పోయింది. గంటస్తంభానికి దగ్గర్లో సన్నటి సందులో మండువా ఇల్లు. అమ్మా, ఆమె ముగ్గురు అక్కచెల్లెళ్లూ పుట్టింది అక్కడే. వాళ్లు కాన్పులకి వచ్చిందీ అక్కడికే, భర్తలతో పడలేక మూటతో తిరిగొచ్చిందీ అక్కడికే. ఆ ఇంటికి అన్ని దశాబ్దాల్లోనూ ఎన్నడూ వాళ్లని భాగస్తులుగా పిలవలేదు. బిల్డర్ వచ్చాక పిలుపు వచ్చింది. అమ్మకం కాగితం మీద ఆడపిల్లల సంతకాలు కూడా కావాలని అతను పట్టుబట్టాడు. నలుగురూ వెళ్లారు, భోజనాలు పెట్టారు, తలా ఒక చీరా, పసుపు కుంకాలూ పెట్టారు. సంతకాలు పెట్టి వచ్చేశారు. మా రెండో పెద్దమ్మ మాత్రం పెన్ను పట్టుకుని కాసేపు ఆగి, "ఇందులో నా వాటా ఎంతరా, తమ్ముడూ?" అని అడిగింది. తీసుకోవడానికి కాదు, తెలుసుకోవడానికే అంది. ఎవరూ చెప్పలేదు. ఆమె సంతకం పెట్టింది. నెల తిరిగేసరికి జేసీబీ వచ్చింది. టేకు దూలాలూ, తలుపులూ విడిగా బేరం పెట్టారు. ఇటుకలు లారీ ఎక్కాయి. మండువా మధ్యలో తులసికోట ఉన్నచోట ఇప్పుడు సెల్లారు ఉంది, బళ్లు పెట్టుకుంటున్నారు.

మా పెద్దమ్మ అడిగిన ప్రశ్నకి చట్టంలో జవాబు ఉంది. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకి జన్మతః హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1985 సెప్టెంబరు 5 నుంచి హిందూ వారసత్వ చట్టాన్ని సవరించుకుంది. దేశంలో ముందు నడిచిన రాష్ట్రాల్లో మనదొకటి. అయితే అప్పటికే పెళ్లయిపోయిన కూతుళ్లని ఆ సవరణ వదిలేసింది. 2005లో పార్లమెంటు చేసిన సవరణ ఆ తేడా తీసేసింది. 2005 నాటికి తండ్రి బతికి ఉండాలా అన్న సందేహాన్ని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తీర్చింది, అక్కర్లేదంది. మూడు లాంతర్ల స్తంభం మీద గొడవ జరిగిన మూడు నెలలకే వచ్చిన తీర్పు అది. పట్నాల్లో పాత ఇళ్లు కూలడం, ఆడపిల్లలకి హక్కు రావడం, ఈ రెండూ ఒకే కాలంలో జరిగాయి. ఇల్లు ఉన్నన్నాళ్లూ హక్కు లేదు. హక్కు వచ్చేసరికి ఇల్లు అమ్మకానికి వచ్చింది. ఆ హక్కు వదులుకుంటున్నట్టు పెట్టే సంతకానికి చీర వెల కట్టారు. పాత ఊరు మాయమవుతోందని మగ రచయితలు రాసే జ్ఞాపకాల్లో ఈ సంతకం కనపడదు. వాళ్ల బాల్యం కూలిపోవడం కనపడుతుంది, అక్కచెల్లెళ్ల వాటా కూలిపోవడం కనపడదు.

కట్టడాలని కాపాడుకున్న చోట కూడా ఇలాంటి వడపోతే జరిగింది. హైదరాబాదు కోఠీలో బ్రిటిష్ రెసిడెన్సీ ఉంది. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో జేమ్స్ అకిలీజ్ కిర్క్‌పాట్రిక్ కట్టించాడు. ఆయన పెళ్లాడిన ఖైరున్నీసా కోసం అదే ఆవరణలో రంగమహల్ అనే జనానా ఉండేది. తర్వాత వచ్చిన తెల్ల అధికారులకి అది కంటగింపయింది, 1860 ప్రాంతంలో పడగొట్టించారు. దర్బారు మిగిలింది, జనానా పోయింది. 1949లో ఆ దర్బారులోకి మహిళా కళాశాల వచ్చింది. కోఠీ విమెన్స్ కాలేజీ అంటే తెలంగాణలో ఎన్ని తరాల ఆడవాళ్లకి గుండె కొట్టుకుంటుందో వేరే చెప్పక్కర్లేదు. ఏళ్ల తరబడి శ్రమ పెట్టి ఆ భవనాన్ని బాగు చేసి 2023లో మళ్లీ తెరిచారు. సంతోషమే. కానీ అక్కడికి వెళ్లే సందర్శకుడికి చెప్పే కథ ఇప్పటికీ దొరదీ, బేగందే. ఆ మెట్ల మీద కూర్చుని ఏడు దశాబ్దాలు నోట్సులు రాసుకున్న అమ్మాయిల కథ అందులో ఎంత ఉంది? విజయనగరంలో భవనం పోయింది కాబట్టి కథ పోయిందని అనుకుంటాం. భవనం నిలబడ్డచోట కూడా కథ దానంతటది నిలబడదు.

నిలబెట్టేది మనుషులు. దానికి సాక్ష్యం మా ఊళ్లోనే ఉంది. 1757లో బొబ్బిలి యుద్ధం జరిగింది. ఆ కోట పడిపోయే ముందు లోపలి ఆడవాళ్లనీ పిల్లల్నీ సొంత మగవాళ్లే పరువు పేరుతో చంపారు. కోట ఎవరికి రక్షణ అని అడగడానికి అంతకంటే పెద్ద ఉదాహరణ అక్కర్లేదు. ఆ యుద్ధంలోనే విజయనగరం రాజు పెద విజయరామరాజు తాండ్ర పాపారాయుడి చేతిలో చనిపోయాడు. రాజు చెల్లెలు పైడితల్లి యుద్ధం వద్దని కోరిందనీ, అన్న చావు విని ప్రాణాలు విడిచిందనీ, పెద్దచెరువులో విగ్రహంగా దొరికిందనీ జనం చెప్పుకుంటారు. ఆమెకి మహలు లేదు. మూడు లాంతర్ల దగ్గర గుడి ఉంది. ఏటా విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం సిరిమాను ఆ గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. మాను చివర అమ్మవారుగా కూర్చునేది మగ పూజారే, అది వేరే చర్చ. నేను చెప్పేది దారి గురించి. రాజ్యం పోయింది, జమీందారీ పోయింది, దర్బారు పోయింది, లాంతర్ల స్తంభమూ పోయింది. యుద్ధం వద్దన్న ఆడపిల్ల కోసం జనం నడిచే దారి పోలేదు. ఏటా లక్షల పాదాలు దాన్ని మళ్లీ గీస్తాయి. రాతికి లేని ఆయుష్షు ఆ నడకకి ఉంది.

ఇదంతా చెప్పి మహళ్ల కోసం కన్నీళ్లు పెట్టమని నేను అడగడం లేదు. అవి రైతుల శిస్తుతో లేచినవి. కారుతున్న కప్పు కింద, పెచ్చులు ఊడిన గోడల మధ్య ఆడపిల్లల్ని కూర్చోబెట్టి వారసత్వం అనడం కూడా న్యాయం కాదు. వాళ్లకి గట్టి గదులు కావాలి, నీళ్లున్న మరుగుదొడ్లు కావాలి, రాత్రి తొమ్మిదింటిదాకా తెరిచి ఉండే లైబ్రరీ కావాలి. పాత భవనాన్ని బాగు చేసుకోవాలా, కొత్తది కట్టుకోవాలా అన్నది అందులో చదువుకునేవాళ్లనీ, చదువుకున్నవాళ్లనీ అడిగి తేల్చాల్సిన విషయం. మోతీమహల్ విషయంలో జరిగిన చర్చంతా రాజకుటుంబం, ట్రస్టు, ప్రభుత్వం, పార్టీల మధ్యే నడిచింది. దాన్ని దశాబ్దాలు వాడుకున్న ఆడవాళ్లకి ఆ చర్చలో కుర్చీ లేదు. నాకు అభ్యంతరం అక్కడ.

చేయగలిగిన పని ఇంకా ఉంది. కోటలో చదువుకున్న తొలి తరం ఆడవాళ్లు చాలామంది బతికే ఉన్నారు. డెబ్బైల్లో ఉన్నారు, ఎనభైల్లో ఉన్నారు. ఏ ఊరి నుంచి వచ్చారు, ఎవరు పంపారు, ఎవరు వద్దన్నారు, బస్సు చార్జీ ఎలా పుట్టింది, చదువు మధ్యలో ఎవరు ఆగిపోయారు, ఎందుకు ఆగిపోయారు? టేపు రికార్డరు పట్టుకుని వాళ్ల ముందు కూర్చోవాలి. ఇప్పుడది కూడా అక్కర్లేదు, మన మనవరాళ్ల చేతిలో ఫోను చాలు. కాలేజీ అడ్మిషన్ రిజిస్టర్లూ, హాజరు పట్టీలూ పాతకాగితాల కింద తూకానికి వెళ్లకుండా చూడాలి. ఘోషాసుపత్రి కాన్పుల పుస్తకాలు ఎక్కడైనా మిగిలి ఉంటే వెతకాలి. పూటకూళ్లు నడిపిన వాళ్ల మనవలు ఉంటారు, వాళ్లని అడగాలి. మేళంలో పాడిన ముసలమ్మలు ఎక్కడైనా ఉంటే, వాళ్లు ఇష్టపడితేనే, వాళ్లు చెప్పదలచుకున్నంతే రాసుకోవాలి. ఊరి పటం ఒకటి గీసి ఈ చోట్లన్నీ గుర్తు పెట్టాలి.

ఆ పట్టీల్లో ఒక్కటైనా దొరికితే దాన్ని అద్దాల పెట్టెలో పెట్టవద్దు. ఊళ్లో ఏదైనా సభలో, ఆడవాళ్లు నిండుగా కూర్చున్నచోట, మొదటి పేరు నుంచి గట్టిగా చదవాలి. ఆ పేరుగలవాళ్లు ఉంటే లేచి జవాబు చెప్తారు. లేకపోతే వాళ్ల కూతుళ్లు చెప్తారు.